బొమ్మనూ ఊరడగండి

మొన్నొక ఆదివారం మా మడివాళలోనే ఉంటున్న ఒక తెలుగు మిత్రుని ఇంటికి భోజనానికి వెళ్లాను. హాల్లో గాజుపెట్టెలో అరచేతి పాటి మట్టిఫలకం ఉంది. తామరల మధ్య నిలిచిన స్త్రీ, పక్కన పూర్ణకుంభం. “రెండువేల ఏళ్లనాటిదండీ. తామర అంటే పుట్టుక, కుంభం అంటే సమృద్ధి” అని ప్రతీకలన్నీ విప్పి చెప్పారాయన. “ఎక్కడ దొరికిందండీ?” అన్నాను. “ఎవరో తెచ్చి ఇచ్చారు” అన్నారు.

పొరుగు రాష్ట్రంలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మొదటి ప్రశ్న “మీదే ఊరండీ?” అన్నదే. బొమ్మను మాత్రం ఆ ప్రశ్న ఎందుకు అడగం?

నేను కామర్సు చదివిన బ్యాంకు ఉద్యోగిని. శిల్పశాస్త్రం తెలియదు, కాగితాలు చూడటం తెలుసు. బెంగుళూరులో సైటు కొనాలంటే మదర్ డీడు, ఖాతా, ఇ.సి. చూడనిదే అడ్వాన్సు ఇవ్వని మనవాళ్లు ఏ కాగితమూ లేని పురావస్తువును ఎలా కొంటున్నారు? 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన మట్టిశిల్పాన్ని రిజిస్టరు చేయించాలి. చేతులు మారితే తెలియజేయాలి. ఉంచుకోవడం నేరం కాదు, నమోదు చేయించకపోవడం నేరం. ఊరు చెప్పలేని బొమ్మ దొంగసొత్తు కావచ్చు, నిన్నగాక మొన్న కాల్చిన నకిలీ కూడా కావచ్చు.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940 దశకం ఆరంభంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించినప్పుడు, ముందుకొకటి వెనక్కొకటి రెండచ్చుల్లో ఒత్తి అతికిన మట్టిబొమ్మలు బయటపడ్డాయి. వాటితోపాటు శాతవాహన నాణేలు, పూసలు, ఇటుక కట్టడాలు దొరికాయి కనుకనే అవి ఏ కాలానివో, ఎటువంటి ఊరివో చెప్పగలిగారు. తామరల నడుమ స్త్రీ ఇంటి గూట్లో దొరికితే ఒక అర్థం, గుడి పునాదిలో దొరికితే మరొకటి. గునపంతో పెకలించి తెచ్చినవాడు ఆ అర్థాన్ని అక్కడే పాతిపెట్టి వచ్చాడు. ప్రతీకల మీద ప్రేమతో కొన్నామనేవారు ఆ ప్రతీకలనే మూగవాటిని చేస్తున్నారు.

“మేం కొనకపోతే నాగలి కింద పగిలిపోయేది” అంటారు. కొనేవాడున్నాడనే తవ్వేవాడు తవ్వుతున్నాడు. 2021లో అమెరికా మనకు అప్పగించిన 157 పురావస్తువులలో 56 మట్టివే. అవి సముద్రం దాటింది నాగలికి భయపడి కాదు. “మ్యూజియంలో మూల పడేస్తారు” అన్నమాటలో కొంత నిజముంది. అయితే మూలకు చేరినా, తవ్వకంలో దొరికినదానికి దొరికిన చోటు రాసిన చీటీ ఉంటుంది.

మన మడివాళ సోమేశ్వరాలయం గోడమీద 1247 నాటి తమిళ శాసనం ఉంది. భూదానం సంగతి చెప్పే ఆ రాయి ఉన్నచోటే ఉంది కనుకనే ఈ పేట ఎంత పాతదో మనకు తెలిసింది. దాన్ని ఎవరో పెకలించి హాల్లో పెట్టుకుని ఉంటే?

ఇదే అడిగాను. మిత్రునికి కోపం వచ్చింది. ఈ పత్రిక వారింటికీ వెళుతుంది. అయ్యా, ఉన్నదాన్ని రిజిస్టరు చేయించండి. ఇకమీదట తెచ్చినవాణ్ని ఊరడగండి. చెప్పలేకపోతే గుమ్మం నుంచే పంపించేయండి.