డిపాజిట్‌ అడిగితే పాలసీ!

దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం ముగిసే రోజులకు ఆదోని మార్కెట్‌ యార్డులో పత్తి సందడి మొదలవుతుంది. పంట అమ్మిన డబ్బును ఏడాదికి డిపాజిట్‌ చేద్దామని ఓ రైతు బ్యాంకుకు వెళ్లాడనుకుందాం. 'అంతకంటే మంచి పథకం ఉంది పెద్దాయనా' అంటూ లోపల కూర్చోబెడతారు. టీ వస్తుంది. సంతకాలయ్యాక చేతికొచ్చేది డిపాజిట్‌ రసీదు కాదు, యులిప్‌ పాలసీ!

నగరాల్లో 'వెల్త్‌ మేనేజ్‌మెంట్‌' పేరుతో ఇచ్చే సలహాల్లోనూ ఈ చిక్కు ఉంది. ఖాతాలో ఎంత పడిందో బ్యాంకుకు తెలుసు. బీమా, మ్యూచువల్‌ ఫండ్లు అమ్మితే దానికి కమీషన్‌ వస్తుంది. అంటే, సలహా ఇచ్చేవారే సరకు అమ్మేవారు.

యులిప్‌లో పెట్టిన సొమ్మును అయిదేళ్లదాకా తీసుకోలేం. తొలకరికి విత్తనాలు కొనాల్సిన ఇంటికి అదెలా కుదురుతుంది? ఏటా ప్రీమియం కట్టే రకమైతే వానలు పడని ఏడాదీ కట్టాల్సిందే. డిపాజిట్లకు 2020 నుంచి రూ.5 లక్షల వరకూ బీమా రక్షణ ఉంది. బ్యాంకులోనే కొన్నా ఫండ్లకూ పాలసీలకూ అది వర్తించదు.

సంతకానికి ముందే అడగండి: ఇది డిపాజిట్టేనా? డబ్బు ఎప్పుడు తీసుకోవచ్చు? మీకు కమీషన్‌ ఎంత?

తెలియక తీసుకున్నా, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయొచ్చు. కొద్దిపాటి కోతలుంటాయి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ ఉన్నారు.

ఆరుగాలం కష్టపడిన సొమ్ము అది. 'ఇంట్లో మాట్లాడి రేపు చెబుతా' అంటే ఏ మంచి పథకమూ పారిపోదు.