‘మా’లోనే ఉన్న ‘నేను’
భిలాయి సెక్టర్ 7 క్వార్టర్లో ఒక తెలుగమ్మాయి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు నింపుతోంది. 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా రాయాలి. చిత్తుప్రతి నిండా ‘మా తాతయ్య’, ‘మా వీధి’, ‘మా ప్లాంటు’. ‘నేను’ ఎక్కడా లేదు, ఆ ‘మా’లన్నీ కొట్టేయమని అందరి సలహా. కొట్టేయకమ్మా అంటాను నేను. 1959లో ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్న ఈ ఊరికి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనవాళ్లు ఒకరి ఆసరాతో ఒకరు నిలదొక్కుకున్నారు. కన్నతల్లిని కూడా ‘మా అమ్మ’ అనే భాష మనది. ఆ ‘మా’ నీ లోటు కాదు, నీ చిరునామా. కాకపోతే దాని పక్కనే నువ్వేం చేశావో చెప్పు. ఓ సాయంత్రం తాతయ్యకు పింఛను కాగితం చదివి వినిపించింది నువ్వే కదా! పెద్ద విజయాల కోసం వెతక్కు. 350 పదాలకు ఆ ఒక్క సాయంత్రం చాలు.