పిడుగు ఫైబర్‌లోంచి రాదు

'ఫైబర్ పెట్టించుకోండి సార్, దానికి కరెంటుతో పని లేదు, పిడుగు పడినా ఏమీ కాదు' అని కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు మా ఊళ్లో ప్రతి కేబుల్ కుర్రాడూ చెప్తాడు. అందులో సగం నిజం. మిగతా సగం ఏటా ఏప్రిల్, మే నెలల్లో నా బల్లమీదికి వస్తుంది.

అనంతపురంలో నాది ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. మొదట్లో టీవీలు, ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సులు, ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్ బాక్సులు. రాత్రి ఉరుముల వాన పడిందంటే, తెల్లారి నేను షట్టరు ఎత్తేసరికే ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు సంచుల నిండా చచ్చిన బాక్సులు పట్టుకుని నిలబడి ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. 'ఏందన్నా ఇది, గాజు వైర్లో పిడుగెట్లొస్తాది?'

రాదు. వచ్చే అవకాశమే లేదు. బాక్సు మూత తీస్తే పిడుగు ఏ దారిన వచ్చిందో కాలిన మరకే చెప్తుంది. పచ్చ రంగు ఫైబర్ పిన్ను దూరే మూల కొత్తదానిలా ఉంటుంది. నల్లబడేది ల్యాన్ పోర్టు వెనక ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మరు. లేదంటే అడాప్టర్ పిన్ను దగ్గర, ఫోన్ జాక్ దగ్గర. ల్యాన్ ట్రాన్స్‌ఫార్మరు 1500 వోల్టుల దాకా అడ్డుకునేలా చేస్తారు. పిడుగు వల్ల రాగి తీగలో పుట్టే వోల్టేజీకి అదో లెక్క కాదు. ఇంటాయన్ని పిలిచి 'మిద్దె మీద సీసీ కెమెరా ఉందా?' అని అడుగుతాను. ఉంటుంది. దాన్నుంచి ముప్పై మీటర్ల రాగి ల్యాన్ వైరు గోడ వెంబడి దిగి, నేరుగా ఈ బాక్సులో దూరుతుంది. పిడుగు ఆ కెమెరా మీదే పడనక్కర్లేదు, పక్క వీధిలో పడినా చాలు. అంత పొడవు తీగ ఏరియల్‌లా పనిచేసి దెబ్బను లోపలికి తెస్తుంది. ఊరంతా గాజు వైరు వేసి, ఇంటి మిద్దె మీద మాత్రం మనమే రాగి ఏరియల్ కట్టుకుంటున్నాం.

మా జిల్లాలో వాన తక్కువేగానీ ఉరుములకు కొదవ లేదు. 2018 ఏప్రిల్లో ఒక రోజు పదమూడు గంటల్లో రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయని అప్పట్లో విపత్తుల శాఖ లెక్క చెప్పింది. ఇలాంటి చోట 'ఫైబర్‌కి భయం లేదు' అనే మాటను నమ్మి వదిలేస్తే కుదరదు. భయం దేనికి లేదో, దేనికి ఉందో తెలియాలి.

గాజుకు లేదు. ఫైబర్ నడిమధ్య వెలుగు ప్రయాణించే దారి తొమ్మిది మైక్రాన్లు, చుట్టూ ఉన్న గాజుతో కలిపి 125. అందులో కరెంటు ప్రవహించదు, పక్కన 11 కేవీ లైను ఉన్నా లోపలి వెలుగు చెదరదు. ఆ ధైర్యంతోనే ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వాళ్లు 2017 నాటికే కరెంటు స్తంభాల మీద వేల కిలోమీటర్లు కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకు కనెక్షన్ మొదలుపెట్టగలిగారు. రాగి తీగను అలా హైటెన్షన్ లైన్ల పక్కన కట్టి ఉంటే గుయ్యిమనే రొద తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

(గాజుకు అసలేమీ అంటదనడం కూడా నూటికి నూరుపాళ్లు నిజం కాదు. అయస్కాంత క్షేత్రం గాజులో వెలుగు కంపించే దిశను తిప్పుతుందని మైకేల్ ఫారడే 1845లోనే చూపించాడు. పెద్ద కరెంటు టవర్ల తలమీద ఉండే ఎర్త్ వైరు లోపలే ఫైబర్ పెడతారు. దానిమీద పిడుగు పడితే ఆ దిశ గిర్రున తిరిగి, దూరపు లైన్ల రిసీవర్లు తికమకపడిన సందర్భాలున్నాయి. మన ఇళ్లలో బాక్సులు ఆ దిశను పట్టించుకోవు కాబట్టి మనకు ఆ గొడవ లేదు.)

భయం ఉన్నది గాజు ఆగిపోయే చోట. అక్కడ వెలుగు మళ్లీ కరెంటుగా మారాలి. మీ ఇంటికి వచ్చిన కుర్రాడు పవర్ మీటరు పెట్టి 'లైట్ మైనస్ ఇరవై రెండు వస్తాంది, సూపర్' అంటాడు కదా. ఈ బాక్సులు మైనస్ ఇరవై ఏడు దాకా తట్టుకుని పనిచేస్తాయి. మైనస్ ఇరవై ఏడంటే రెండు మైక్రోవాట్లు. ఆ వెలుగు పడితే లోపలి ఫొటోడయోడ్‌లో పుట్టే కరెంటు ఆంపియర్‌లో పది లక్షల వంతు, మహా అయితే రెండు వంతులు. పక్కనే మినుకుమినుకుమనే ఆకుపచ్చ లైటుకు దానికి వేల రెట్ల కరెంటు కావాలి. అంత సన్నటి సంకేతం పక్కనే వైఫై ఏరియల్ ఉంటుంది, అడాప్టర్ రొద ఉంటుంది, ప్రాసెసర్ ఉంటుంది. అందుకే తయారీదారులు ఆ లేజరూ డయోడూ ఉన్న ముక్కను, మేం 'బోసా' అని పిలిచేదాన్ని, లోహపు డబ్బీలో పెట్టి, చాలా బాక్సుల్లో దానిపైన ఇంకో రేకు మూత కూడా బిగిస్తారు. రిపేరుకోసం ఆ రేకు తీసి మళ్లీ పెట్టకుండా బాక్సు మూసేసే మెకానిక్కులున్నారు. 'లైటు బాగానే వస్తాంది, నెట్ ఆగి ఆగి వస్తాంది' అని ఆ బాక్సు మళ్లీ వస్తుంది.

ఇక్కడ వ్యాపారుల సంగతి ఒకటి చెప్పాలి. 'షీల్డింగ్ ఉన్న ఫైబర్ ప్యాచ్ కార్డు', 'బంగారు పూత కనెక్టరు' అని ఎక్కువ ధరకు అంటగట్టేవాళ్లు తయారయ్యారు. మోసం. గాజు కొసకు షీల్డింగ్ ఎందుకు? మీ ఇంట్లో పచ్చ కనెక్టరు ప్లాస్టిక్‌ది, దాని మధ్యలో ఉండే రెండున్నర మిల్లీమీటర్ల కడ్డీ జిర్కోనియా అనే సెరామిక్. రెండింట్లోనూ కరెంటు పారదు. రక్షణ కావలసింది ఆ కనెక్టరు దూరే రంధ్రానికి. ఆపరేటర్ గదిలో ఉండి ఇళ్లకు వెలుగు పంపే పెద్ద ఓఎల్‌టీ మెషిన్ చూస్తే ఇది అర్థమవుతుంది. దాని ముఖానికి ఉన్న ప్రతి గూటి చుట్టూ స్ప్రింగుల్లాంటి సన్నటి రేకులుంటాయి. లేజరుండే మాడ్యూలు దూర్చినప్పుడు అవి దాని ఒంటికి నొక్కుకుని లోహానికి లోహం తగిలేలా చేస్తాయి. లోపల పుట్టే రేడియో తరంగాలు బయటికి రాకుండా, బయటివి లోపలికి పోకుండా కాసేది ఆ తాకిడే. పది గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు సెంటీమీటర్లే కాబట్టి సెంటీమీటరు సందు కూడా దానికి రాచబాటే. మాడ్యూలు బిగుతుగా దూరుతోందని ఆ రేకులను శ్రావణంతో వంచేసే కుర్రాళ్లను, ఖాళీ గూళ్లకు మూతలు పారేసి నోరు తెరిచి వదిలేసిన గదులను నేను చూశాను. ఇనప తలుపు బిగించి కిటికీ తీసిపెట్టుకున్నట్టు.

పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో మర తిప్పి బిగించే లోహపు కనెక్టర్లు ఇంకా కనిపిస్తాయి. వాటితో మరో చిక్కు. లోహపు తల రంధ్రంలోంచి బయటికి పొడుచుకు వచ్చి, చుట్టూ ఉన్న రేకుకు సరిగా తగలకపోతే అదే ఏరియల్ అయి కూర్చుంటుంది. మర పూర్తిగా బిగించి, దాని అడాప్టర్‌ని ముందు రేకుకు స్క్రూలతో గట్టిగా పట్టించాలి. సగం తిప్పి వదిలేస్తే వెలుగూ తగ్గుతుంది, రొదా పెరుగుతుంది.

పిడుగు కంటే నన్ను ఎక్కువ విసిగించేది మాత్రం మనుషుల ఒంట్లోని కరెంటు, అంటే స్టాటిక్. డిసెంబరు, జనవరిల్లో గాలి పొడిబారినప్పుడు పాలిస్టర్ చొక్కా విప్పితే చిటపటలాడుతుంది, ఇనప బీరువా తాకితే చురుక్కుమంటుంది. మనకు ఆ చురుకు తెలియాలంటే సుమారు మూడు వేల వోల్టులుండాలి. లేజర్ డయోడ్ కొన్ని వందల వోల్టులకే దెబ్బతింటుంది. అంటే మనకు తెలియకుండానే దాన్ని చంపేయగలం. తేమ బాగా తగ్గిన గదిలో కార్పెట్ మీద నడిస్తే ఒంటిమీద ముప్పై అయిదు వేల వోల్టుల దాకా పేరుకోవచ్చని, అదే ఉక్కపోతగా ఉంటే పదిహేను వందల దగ్గరే ఆగిపోతుందని ఇంజినీర్లు వాడే పట్టికల్లో ఉంటుంది. బందరులో నడిచే పద్ధతి మా అనంతపురంలో నడవదు. ఇక్కడ మాడ్యూలును చొక్కా జేబులో వేసుకుని బండిమీద తిరిగే టెక్నీషియన్, దాని ధరను జేబులోనే తగలేస్తున్నాడు. వెంటనే చచ్చిపోతే అదో రకం, తెలిసిపోతుంది. సగం దెబ్బతిన్న లేజరు కొన్ని నెలలు పనిచేసి, మెల్లగా వెలుగు తగ్గించుకుని, ఒకరోజు ఎర్ర లైటు వెలిగిస్తుంది. అప్పుడు కంపెనీని తిడతారు. నాణ్యత లేని సరుకు అంటారు. మాడ్యూలుకు వచ్చే నల్ల రబ్బరు మూత దుమ్మును ఆపుతుంది కానీ స్టాటిక్‌ను ఆపదు. మాడ్యూలు వచ్చిన మెరుపు సంచి ఆపుతుంది, దాన్నేమో మొదటి రోజే చింపి పారేస్తారు.

దుమ్ము కూడా స్టాటిక్‌కు తోడుదొంగే. కనెక్టరు కొసను చొక్కా అంచుతో రుద్దితే శుభ్రమైనట్టు కనిపిస్తుంది. ఆ రుద్దుడుకే సెరామిక్ మీద చార్జి పుట్టి చుట్టూ గాలిలోని నలకలను లాక్కుంటుంది. తొమ్మిది మైక్రాన్ల దారికి అడ్డం పడటానికి ఎంత నలక కావాలి? చేతివేలితో తుడిచేవాడికి ఇంకా చెడ్డపేరు రావాలి, ఎందుకంటే అక్కడ జిడ్డు కూడా కలుస్తుంది. టిక్కుమని నొక్కితే తుడిచే క్లీనర్ పెన్ను వాడాలి, లేదా ఆ పనికే చేసిన, నూగు రాలని బట్టకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, తర్వాత పొడిగా తుడవాలి. ఈ పని రాని వాడికి స్ప్లైసింగ్ మెషిన్ చేతికివ్వడం దండగ.

ఇక ఇంటికి లాగే సన్నటి డ్రాప్ కేబుల్ సంగతి. అందులో చాలా రకాలకు బలం కోసం పక్కనే ఉక్కు తీగ ఉంటుంది. గాజు కరెంటును మోయదు, ఉక్కు మోస్తుంది. స్తంభం మీద కరెంటు వైరు తెగి ఆ ఉక్కుమీద పడినా, దగ్గర్లో పిడుగు పడినా, అది తిన్నగా మీ హాల్లోకి దారి చూపిస్తుంది. ఆ ఉక్కు తీగను గోడ బయటే కొక్కేనికి కట్టి కత్తిరించి, లోపలికి ఉత్త ఫైబర్ తొడుగును మాత్రమే పంపాలి. అయిదు నిమిషాల పని. చేయరు. ఉక్కు తీగతో సహా కిటికీలోంచి లోపలికి లాగి, టీవీ వెనక చుట్ట చుట్టి పెడతారు. జాయింట్ బాక్సుల దగ్గర లోహపు తొడుగున్న కేబుళ్లకు ఎర్త్ కట్టమంటే 'లోపల గాజే కదా' అంటారు.

ఎర్తింగ్ అంటే మా దగ్గర ఎవరికీ పట్టని మాట. ఒక గ్రామ కార్యాలయంలో నెట్ పరికరాల రాక్‌కు ఎర్త్ వైరు కట్టి ఉండటం చూసి సంతోషించాను. దాని రెండో కొస ఎక్కడికి పోయిందా అని వెతికితే కిటికీ ఊచకు చుట్టి ఉంది. ఆ ఊచ సిమెంటు గోడలో ఆగిపోయింది, భూమిని తాకింది లేదు. దాన్ని చూసి తనిఖీ చేసినాయన టిక్కు పెట్టుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఆపరేటర్ల వాదన నాకు తెలుసు, రోజూ వింటాను. 'నెలకు మిగిలేది వంద, నూటయాభై. దాంట్లో ఎర్తింగు, స్ట్రాపు, క్లీనరు అంటే ఏడికి పోవాలప్పా?' అందులో న్యాయం ఉంది. ధర తగ్గించే పోటీలో ముందు కోసేది కనిపించని ఖర్చునే. కానీ ఒంట్లోని స్టాటిక్‌ను ఎర్త్‌లోకి దించే మణికట్టు స్ట్రాపు ఖరీదు మూడొందల లోపే. ఒక మాడ్యూలు పోతే వేలు. స్ట్రాపులో పది లక్షల ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది కాబట్టి పొరపాటున కరెంటు తగిలినా ఒంట్లోంచి పారేది చాలా తక్కువ, భయపడనక్కర్లేదు. అది కట్టుకుంటే బాబాయిలా కనిపిస్తామని కుర్రాళ్లు నవ్వుతారు, అదొక్కటే అసలు అడ్డంకి. ప్రభుత్వ డబ్బుతో ఊరూరా ఫైబర్ వేస్తున్న చోట మాత్రం ఖర్చు సాకు చెల్లదు. ఎన్ని కిలోమీటర్లు లాగారని అడిగే అధికారి, ఎర్త్ పిట్ ఓమ్‌లు ఎంత ఉన్నాయని కూడా అడగాలి. ఆ అంకె రాయకుండా బిల్లు పాస్ చేయకూడదు. టెక్నీషియన్ కిట్‌లో స్ట్రాపు, క్లీనర్ పెన్ను లేకపోతే పనికి పంపకూడదు. పిడుగుకు కాలిన బాక్సు డబ్బులు ఇంటాయన్ని అడిగే ముందు, ఉక్కు తీగను బయట కత్తిరించారా లేదా అని ఆపరేటర్లు తమను తాము అడగాలి.

ఇంట్లో మీరు చేయాల్సింది కొంచెమే. మిద్దె మీది కెమెరాకు నేరుగా ల్యాన్ వైరు లాగించకండి. మధ్యలో ఎర్త్ ఉన్న సర్జ్ ప్రొటెక్టరు పెట్టించండి, కుదిరితే ఆ దూరం కూడా ఫైబర్ మీదే తెప్పించండి. డ్రాప్ కేబుల్ ఉక్కు తీగ ఇంట్లోకి వచ్చిందేమో ఇవాళే చూసుకోండి, వస్తే ఆపరేటర్‌ను పిలిచి బయటే కోయించండి. మబ్బు పట్టినప్పుడు, ఉరుములు నెత్తిమీదికి రాకముందే అడాప్టర్‌తో పాటు ల్యాన్ వైరు, ఫోన్ వైరు కూడా పీకేయండి. పచ్చ పిన్నును మాత్రం ముట్టుకోకండి. దాన్ని పీకితే ఆగే పిడుగు లేదు, పడే దుమ్మే ఉంది.