మిషను లేని కుట్టు

కుట్టు నేర్వాలంటే ముందు మిషను కొనాలనుకుంటారు చాలామంది ఇల్లాళ్లు. అక్కరలేదు. ఒక సూది, దారపు ఉండ, పాత పంచెలో చిరగని ముక్క చాలు. చిల్లర వేసుకునే చిన్న సంచితో మొదలుపెట్టండి.

దారం మూరెడుకు మించి తీయకండి. మాటిమాటికీ ఎక్కించే బాధ తప్పుతుందని బారెడు తీస్తే, చిక్కుపడి సూదిమీదే విసుగు పుట్టిస్తుంది. ముక్కను మధ్యకు మడిచి, రెండు పక్కలా పెన్సిలు గీత వెంట కుట్టాలి. వరుసగా ముందుకు దూసే కుట్టు సులువే గాని బరువుకు ఆగదు. బజారులో సంచి విచ్చుకుని చిల్లర దొర్లిందంటే, ఇంట్లోవారి ఎగతాళికి జడిసి మళ్ళీ సూది పట్టరు! అందుకని ప్రతిసారీ నువ్వుగింజంత వెనక్కి గుచ్చి, గుడ్డ అడుగునుంచి అంతకు రెండింతలు ముందుకు తీయండి. ఆలస్యమే, కాని నిలుస్తుంది.

కొత్త నూలుబట్ట అయితే ఉతికి ఆరవేశాకే కత్తిరించండి. మొదటి ఉతుకుకు కురచవుతుంది. పట్టుముక్క చేతిలో జారిపోతుంది. ఎంత ఊరించినా నాలుగో సంచిదాకా దాని జోలికి పోకండి.