తొట్టిలోని చేపకు పసుపునీళ్ళా?

రేపల్లె, బాపట్ల ప్రాంతములలో మధ్యతరగతి ఇండ్ల ముందుగదులలో గాజుతొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉండుట నేడు సాధారణమైనది. చేపకు జబ్బు చేసినప్పుడు ఎవరిని అడుగవలెనో మాత్రము ఎవరికీ తోచదు. అందుచేత ఆ ప్రశ్న నావంటి ఇంటివైద్యము చెప్పువారి గడపకే వచ్చును. "బాబాయిగారూ, చేప ఒంటినిండా ఉప్పురవ్వలవంటి తెల్లమచ్చలు వచ్చినవి. చిటికెడు పసుపు, గుప్పెడు వేపాకు వేయమన్నారు, వేయవచ్చునా?" అని నగరములో మా వీధి ఇల్లాలు ఒకరు ఈమధ్య అడిగినారు. వద్దమ్మా అన్నాను. ఆయుర్వేదమును నమ్మిన మీరే ఇట్లనవచ్చునా అని ఆమె ఆశ్చర్యపడినారు. ఈ ఆశ్చర్యము మన పాఠకులలో అనేకులకు కలుగునదే కనుక నా అభిప్రాయమును వివరముగా వ్రాయుచున్నాను.

"మూలిక కదా, మేలు చేయకున్నను కీడు చేయదు" అను మాట అన్నిచోట్ల చెల్లదు. చేపల చెరువులున్న మన ప్రాంతములో అసలే చెల్లదు. చేపపిల్లలను వదలుటకు ముందు చెరువులోని పనికిరాని చేపలను చంపుటకు ఇప్పచెక్క వేయుట చేపల రైతులెరిగిన పద్ధతి. హెక్టారుకు సుమారు 2500 కిలోల లెక్కన వేయుదురు. ఇప్పచెక్క కూడ చెట్టునుండి వచ్చినదే కదా! అందులోని సపోనిన్ అను నురుగు పదార్థము మొప్పల ద్వారా రక్తములోనికి పోయి ఎర్రకణములను పగులగొట్టును. మన కుంకుడుకాయలో నురుగునిచ్చునదియు ఆ జాతి పదార్థమే. సబ్బుకంటె మంచిదని కుంకుడు రసముతో తొట్టి కడుగు ఇల్లాండ్రు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇక పసుపు. అది నీటిలో కరుగదు. అడుగున గులకరాళ్ళపై పేరుకొనును, లేదా మొప్పలకు అంటుకొని అసలే ఆయాసపడు చేపను మరింత బాధించును. వేపాకు నీటిలో కుళ్ళుచు చేప పీల్చవలసిన ప్రాణవాయువును తినివేయును. దాని సారము మోతాదు మించినచో చేపకు విషమే. చెరువులో ఉన్నది లక్షల లీటర్ల నీరు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో నిండుగా పోసినను 56 లీటర్లే పట్టును. అచటి గుప్పెడు, ఇచటి గుప్పెడు ఒకటి కావు.

ఏనుగులకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదము, గుర్రములకు శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము వేరుగా వెలసినవి. మనిషి మందునే మూగజీవికి పోయుట మన పెద్దల పద్ధతి కాదు. వారు ముందు వెదకినది నిదానమును. తొట్టిచేప జబ్బులలో ఎక్కువ వాటికి నిదానము నీరే. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జించును. తొట్టిలో స్థిరపడిన మేలు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, పిదప అంత హాని లేని నైట్రేటుగా మార్చును. క్రొత్త తొట్టిలో అవి కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కొన్ననాడే పది చేపలు వేసి, పిల్లలు ముద్దుగా రోజుకు నాలుగుసార్లు మేత చల్లినచో ఏమగును? చేప నీటి పైకి వచ్చి నోరు తెరచి గాలి మింగును. మనము దానిని ఆకలి అనుకొని మరికొంత మేత వేయుదుము!

తెల్లమచ్చల జబ్బు సంగతి వేరు. అది ఒక పరాన్నజీవి పని. శీతకాలపు రాత్రులలో నీరు హఠాత్తుగా చల్లబడినప్పుడు తరచుగా తలయెత్తును. పసుపుకు అపకీర్తి రావలసిన చోట కీర్తి వచ్చినది ఇచటనే. మచ్చలో పెరిగిన జీవి కొన్నాళ్ళకు తనంతట తానే రాలి, అడుగున చేరి, వందలకొలది పిల్లలుగా చీలును. మచ్చలు పోయినవి, పసుపు పనిచేసినదని ఇంటివారు సంతోషింతురు. వారము తిరుగకముందే ఆ పిల్లలు తొట్టిలోని చేపలన్నిటినీ పట్టుకొనును. ఏ మందైనను నీటిలో ఈదు ఆ పిల్లదశ మీదనే పనిచేయును. కనుక మచ్చలు మాయమైనను చికిత్సను మొత్తము మీద రెండు వారములు సాగింపవలెను.

వంటింట ఉన్న నిజమైన మందు రాళ్ళ ఉప్పు. గోల్డ్‌ఫిష్‌కు లీటరుకు ఒకటి రెండు గ్రాముల చొప్పున, వేరే గిన్నెలో కరగించి, ఒకరోజులో మూడు విడతలుగా పోయవలెను. నైట్రైటు విషమును కూడ ఉప్పు కొంత అడ్డును. నీరు ఆవిరియైనను ఉప్పు తొట్టిలోనే ఉండును గనుక, తగ్గిన మేరకు మంచినీరే పోయవలెను. నీటి మొక్కలున్న తొట్టిలో ఇది వలదు. హీటరు ఉన్నవారు వేడిని రెండు రోజులలో మెల్లగా 30 డిగ్రీలకు తేవచ్చును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండును గనుక గాలిపంపు ఆగరాదు.

ఆకుమందు వేయనిదే మనసు ఒప్పనివారికి నాటు బాదము ఎండుటాకు కలదు. పోరుచేపలను పెంచువారు ఆగ్నేయాసియాలో దీనిని ఎంతోకాలముగా వాడుచున్నారు. రాలిన ఆకును కడిగి, తొట్టికి ఒకటి వేసినచో నీరు పలుచని టీ రంగుకు తిరుగును. సూక్ష్మజీవులను కొంత అణచును. తెల్లమచ్చలను మాత్రము మాన్పదు.

నీరు మార్చునప్పుడు మొత్తము పారబోయక నాలుగవ వంతు మాత్రమే మార్చవలెను. కుళాయినీటిని వెడల్పాటి బక్కెట్టులో ఒకరోజు నిలువ ఉంచినచో క్లోరిను పోవును. మన తీరప్రాంతపు బోరునీటిలో ఉప్పదనము ఉండవచ్చును, ప్రాణవాయువు తక్కువ. దానిని ఎత్తునుండి ధారగా పోసి, నోటికి ఉప్పగా తోచినచో పైన చెప్పిన ఉప్పును తగ్గించవలెను. జబ్బుచేప రెండు మూడు రోజులు మేత లేకున్నను చావదు. మేత డబ్బా అన్నాళ్ళూ పిల్లలకు అందని అటక మీద ఉండుట మేలు.