ఒక్క ఫుట్‌పాత్, నలుగురు హక్కుదారులు



హైదరాబాదులో అబిడ్స్ సెంటరుకు కూతవేటు దూరంలో కాపురం ఉంటున్నామని చెప్పగానే చాలామంది మా వంక జాలిగా చూస్తారు. "ఆ రద్దీలో నిద్ర ఎలా పడుతుంది అయ్యగారూ?" అని అడుగుతారు. నిజానికి రాత్రి షట్టర్లు దిగిన తరువాత మా వీధి అంత నిశ్శబ్దమైన వీధి మరొకటి ఉండదేమో! ఇరుగుపొరుగు కుటుంబాలు ఒక్కొక్కటిగా శివార్లలోని అపార్టుమెంట్లకు తరలిపోయాయి. వారి ఇళ్ళు గోడౌన్లయ్యాయి. పగలు వేలమంది తిరిగే చోట, రాత్రి దీపం వెలిగే ఇళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఈ ప్రాంతానికి ఆ పేరు రావడానికి ఒక అంగడి కారణం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ ఇక్కడ అంగడి నడిపాడు. ఆయన లేడు, ఆ అంగడీ లేదు. పేరు మాత్రం నేటికీ ఆటోవాళ్ళ నోట పలుకుతూనే ఉంది.

ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ మేము గమనించినది ఒకటుంది. మా వీధి ఫుట్‌పాత్ ఒక్కటే గాని దానికి హక్కుదారులు నలుగురు. తెల్లవారుజామున నాలుగింటికి అది పేపరు కుర్రాళ్ళది. వీధిదీపం కింద గొంతుక్కూర్చుని, సప్లిమెంట్లు మడిచి పెట్టుకుంటూ సైకిళ్ళకు కట్టుకుంటారు. పది దాటితే చెప్పులు, బెల్టులు, చేతిరుమాళ్ళు అమ్ముకునేవారిది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గనుక ఆ రోజు పాత పుస్తకాలవారిది. ఇంజనీరింగు పుస్తకాల పక్కనే నవలలు, వాటి పక్కనే ఎవరి తాతగారి సంతకమో ఉన్న నిఘంటువు. రాత్రి పదకొండు దాటాక అది గోనెసంచి పరచుకుని పడుకునేవారిది. ఒకరు లేచి వెళ్ళేసరికి మరొకరు వస్తారు. కాగితం లేదు, కౌలు లేదు. ఒకరి వేళకు మరొకరు అడ్డం రారు.

అడ్డం వచ్చినది మేమే. ఆ సంగతి చెప్పాలనే ఈ నెల కలం పట్టాము.

మా గేటు ముందు ఒక రాతిమెట్టు ఉంది. దానిమీద ఒక వృద్ధుడు రాత్రిళ్ళు పడుకునేవాడు. తెల్లవారేసరికి లేచి వెళ్ళిపోయేవాడు. కిందటి చలికాలం మా ఇంటికి బంధువులు వస్తున్నారు. గేటు ముందు ఎవరో పడుకుని ఉంటే ఏమనుకుంటారోనని మాకు బెంగ పట్టుకుంది. ఒక రాత్రి వెళ్ళి, మెత్తగానే, "పెద్దాయనా, ఇక్కడ వద్దు, ఇంకెక్కడైనా చూసుకో" అన్నాము. అతడు మారు మాటాడలేదు. గోనెసంచి మడిచాడు. ఆ మెట్టును చేత్తో ఒకసారి తుడిచి వెళ్ళిపోయాడు.

బంధువులు వచ్చారు, వెళ్ళారు. పది రోజుల తరువాత మూలమీది టీకొట్టు అతను అడిగాడు: "తాత ఎటు పోయిండు సార్? మీరు మరిచిపోయి గేటు తీసి పెడితే రాత్రి ఆయనే మూసేటోడు. కుక్కలను గూడ రానిచ్చేటోడు కాదు."

మాకు నోట మాట రాలేదు. మేము మరచిన గేటును మూసిన మనిషిని మేమే వెళ్ళగొట్టామన్నమాట! అతని కోసం వెదకుదామంటే పేరైనా తెలియదు. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? నూరేళ్ళనాటి అంగడివాని పేరు చెప్పగల మాకు, గేటు ముందు పడుకున్నవాని పేరు తెలియకపోయింది.

రెండు నెలల తరువాత మొజంజాహీ మార్కెట్టు దగ్గర కనబడ్డాడు. 1935లో కట్టిన ఆ రాతి కట్టడాన్ని బాగుచేసి 2020లో తిరిగి తెరిచారు. సాయంత్రం జనం ఐస్‌క్రీం తింటూ ఫొటోలు తీసుకుంటున్నారు. అతడు ఆ పక్కన తోపుడుబండి మీద పెట్టెలు దించుతున్నాడు. మేము ఏమి చెప్పాలో తోచక నిలబడి ఉంటే అతడే ముందుగా నమస్కారం పెట్టి, "అమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా సార్?" అని అడిగాడు.

ప్రసంగవేదిక మీద ఎన్నో మాటలు చెప్పే నోరు ఆ వేళ పెగలలేదు. ఎలాగో క్షమించమన్నాము. "దానికేముంది సార్, పొమ్మన్నరు, పోయిన" అన్నాడు. ఊరు పాలమూరు దిక్కట. అప్పుడు పేరు అడిగాము. తిరిగి రమ్మంటే నవ్వి, "మెట్రో స్తంభం కాడ తోడు దొరికింది సార్, నలుగురం ఉంటున్నం" అన్నాడు. అతడు మళ్ళీ రాలేదు. రావలసిన అవసరం అతనికి లేదు మరి!

ఇప్పుడు గేటు మేమే మూసుకుంటున్నాము. ఆ మెట్టు ఖాళీగానే ఉంది. దానిమీద ఒక నీళ్ళకుండ, గ్లాసు పెట్టాము. ఉదయం చూస్తే కుండ సగమై ఉంటుంది. ఎవరు తాగారో తెలియదు. అయితే పేపరు కుర్రాళ్ళలో ముగ్గురి పేర్లు తెలుసుకున్నాము. చెప్పులమ్మే అతని కూతురు ఈ ఏడు పదో తరగతి అని కూడ తెలిసింది.

పాఠకులారా, మీ గేటు ముందు కూడ రోజూ ఎవరో ఒకరు ఉంటారు. మీ ఇంటి సంగతులు వారికి తెలిసే ఉంటాయి. మరి వారి పేరు మీకు తెలుసా? ఈ రోజే అడగండి. మావలె రెండు నెలలు వెదకవలసిన పని మీకు రాకూడదని మా కోరిక.