నిద్రకు ముందు నిప్పు

డిసెంబరు నడుమకు వచ్చేసరికి కృష్ణా డెల్టాలో తెల్లవారుజామున కాలువ గట్ల మీద మంచు కమ్ముకుంటుంది. పామర్రు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల చలి కొండసీమల చలి వంటిది కాదు. అందుచేత మన ఇళ్ళను చలికోసం ప్రత్యేకంగా కట్టుకోము. పసిబిడ్డకో, వృద్ధులకో వెచ్చదనం కావలసి వచ్చినప్పుడు తలుపులు, కిటికీలు బిగించి లోపల నిప్పు పెట్టుకుంటాము. తలుపు మూయడంలో తప్పు లేదు. నిప్పు రాజేయడంలోనూ తప్పు లేదు. ఈ రెండూ ఒకే గదిలో కలిసినప్పుడే ప్రాణాపాయం.

బొగ్గు, కట్టె, గ్యాసు, డీజిలు, వీటిలో ఏది మండాలన్నా ఆక్సిజన్ కావాలి. అది చాలినంత అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే ఈ వాయువుతో 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉన్నా మెదడుకు, గుండెకు ఆక్సిజన్ చేరదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వంటి హెచ్చరికలైనా ఉంటాయి. నిద్రించేవారికి అవి తెలియవు.

మనలను ఎక్కువగా మోసగించేది పొగ. పొగ వస్తే కిటికీ తెరుస్తాము. నిప్పులు ఎర్రగా కణకణలాడుతూ పొగ ఆగిపోగానే ఇక భయం లేదనుకొని కుంపటిని గదిలోకి తెస్తాము. నిజానికి పొగలేని ఆ నిప్పులే విషవాయువును ధారాళంగా వదులుతాయి. పక్కన గిన్నెడు నీళ్ళు ఉంచితే విషాన్ని పీల్చుకుంటాయన్న మాటలో సత్యం లేదు.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ విహారయాత్రకు వెళ్ళిన వారిలో ఎనిమిది మంది దామన్ అనే కొండప్రాంతంలో ఒకే గదిలో నిద్రించారు. వారిలో నలుగురు చిన్నపిల్లలు. తలుపులు, కిటికీలు మూసి గ్యాస్ హీటరు వెలిగించుకున్నారు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ దక్కలేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన నిలిపిన కారవాన్ వాహనంలో ఇద్దరు మరణించి కనిపించారు. జనరేటరు నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని కోళికోడ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నిపుణుల పరిశీలనలో తేలింది. ఒకచోట వెచ్చదనం కోసం, మరొకచోట చల్లదనం కోసం యంత్రం నడిచింది. రెండుచోట్లా ప్రాణం తీసింది మూసిన చోట చేరిన వాయువే.

కారవాన్ మన ఊళ్ళలో అరుదు కావచ్చు. అయితే పామర్రు జాతీయ రహదారుల కూడలి. మన ప్రాంతపు చేపలు, రొయ్యలు, ధాన్యం లారీల మీద దూర రాష్ట్రాలకు తరలిపోతాయి. రోజుల తరబడి డ్రైవరుకు, క్లీనరుకు క్యాబినే ఇల్లు. ఉత్తరాది చలిలో అద్దాలు బిగించి స్టవ్ వెలిగించి వెచ్చబడదామన్న ఆలోచన అక్కడే పుడుతుంది. ఇంజను నడుపుతూ నిద్రపోవడమూ క్షేమం కాదు. సైలెన్సరు గొట్టం పగిలినా, బురదతోనో మంచుతోనో మూసుకుపోయినా ఆ వాయువు లోపలికి చేరుతుంది. కారవాన్లలో అమర్చే హీటరు సాధారణంగా మంటకు కావలసిన గాలిని బయటి నుంచి తీసుకొని, కాలిన వాయువును గొట్టం ద్వారా బయటికే పంపుతుంది. ఆ గొట్టం బాగున్నంతవరకే అది సురక్షితం. అద్దెకు తీసుకొనేవారు దానిని ఎప్పుడు తనిఖీ చేయించారో యజమానిని అడగాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించే అలారం ఉన్నదో లేదో చూడాలి. పొగను గుర్తించే పరికరం, వంటగ్యాసు లీకును గుర్తించే పరికరం వేరు. అవి దీనిని పసిగట్టవు. వంట స్టవ్‌ను వెచ్చదనానికి వాడరాదు.

ఇక ఇంటి సంగతి. మన కుటుంబాల్లో బాలింత గదిలో కుంపటి ఉంచడం, స్నానం తరువాత బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం ఇప్పటికీ ఉంది. పెద్దల ప్రేమను శంకించనక్కరలేదు. కానీ పసిబిడ్డకు, గర్భిణికి ఈ వాయువు మరింత ప్రమాదకరం. బిడ్డ తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పితే చాలు. బరువు తక్కువగా పుట్టిన శిశువులకు వైద్యులు సూచించే కంగారూ సంరక్షణ ఇదే. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే దానిని, సిలిండరును గది వెలుపలికి మార్పించాలి. అంతవరకు తలుపు తెరిచి బకెట్లలో వేడినీళ్ళు పట్టుకొని, గీజరు ఆపిన తరువాతే స్నానానికి వెళ్ళాలి. విద్యుత్ హీటరు ఈ వాయువును వెలువరించదు. అయినా పరుపులకు, తెరలకు కనీసం ఒక మీటరు దూరంలో ఉంచి, నిద్రకు ముందు ఆపివేయాలి.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం కలిగి, బయటికి రాగానే ఉపశమిస్తే అజీర్తి అనుకోకూడదు. తలుపులు తెరిచి, అందరినీ ఆరుబయటికి చేర్చి, 108కు ఫోను చేయాలి. లోపల పడిపోయినవారి కోసం వెళ్ళేవారు ముందుగా కిటికీలు తెరవాలి, లోపల నిలిచి ఉండరాదు. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేక అంతా సవ్యంగానే ఉన్నట్లు చూపవచ్చు. కాబట్టి గదిలో నిప్పు ఉన్నదని వైద్యునికి తప్పక చెప్పాలి. ఆక్సిజన్ చికిత్స ఎంత త్వరగా అందితే అంత మేలు.

రాత్రివేళ తలుపులు మూయమని, దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఒకేచోట బోధించినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ దగ్ధమైన వార్త విన్నప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రించబోయే ముందు దానిని ఆర్పమని హెచ్చరించారు కూడా. మనం తలుపు మూసే అలవాటును నిలుపుకొని, నిప్పు ఆర్పే మాటను మరిచిపోతున్నాము. ఈ చలికాలం పడుకోబోయే ముందు తలుపు గడియ వేసే చేతితోనే కుంపటిని బయట పెట్టి, నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పండి. దూరప్రయాణంలో ఉన్న మీ వారికీ ఫోనులో ఈ మాట చెప్పండి.